తిథి లేని ప్రయాణం

మాది సిద్దిపేట. సముద్రతీరం మాకు దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరం. నా బాల్యంలో నీరంటే కోమటిచెరువే. వానలు కురిసిన ఏడు అది నిండేది, కురవని ఏడు దాని పగుళ్లలో మేము గోటీలాడేవాళ్లం. అలాంటి ఊళ్లో పుట్టిన నేను ప్రాచీనాంధ్ర కావ్యాలలోని సముద్ర వర్ణనలను పరిశోధనాంశంగా ఎంచుకున్నాను. సిద్ధాంతగ్రంథం సమర్పించే నాటికి నేను సముద్రాన్ని కళ్లతో చూడలేదు. ఈ సంగతి నా పర్యవేక్షకులకు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

మా బాపు గుంత మగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. తలపై కుండ పెట్టుకొని నడిచే ఆ గొల్లభామను ఏ దారం దగ్గర మొదలుపెట్టాలో, ఎన్ని పోగులకు చేయి మార్చాలో ఆయనకు కాగితం మీద రాసి ఇచ్చినవారు లేరు. నేను గ్రంథాల మధ్య కూర్చొని రాసుకుంటున్న ఒక సాయంత్రం ఆయన నాడె పక్కన పెట్టి అడిగాడు.

“సముద్రమంటే మన కోమటిచెరువసోంటివి ఎన్ని ఉంటయిరా?”

“దానికి కొలత ఉండదు బాపూ, అది అప్రమేయం” అన్నాను, పండితుడినన్న గర్వంతో.

“కొలత లేకుంటే నేసినోడు అంచు ఏడ పెట్టిండు మరి?” అని ఆయన మళ్లీ మగ్గంలోకి దిగాడు.

నా పరీక్షకులలో ఎవరూ అంత కష్టమైన ప్రశ్న వేయలేదు. పట్టా వచ్చాక ఆయనను బాపట్లకో, విశాఖపట్నానికో తీసుకువెళ్లి సముద్రం చూపిస్తానన్నాను. ఆ తరువాత ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇల్లు కట్టాము. ఏటా వేసవిలో మూల్యాంకన విధులు, దసరాకు బంధువులు, సంక్రాంతికి చలి. ఆయన మోకాళ్లు పట్టేసిన తరువాత బస్సెక్కడమే కష్టమైంది. 2023 వేసవిలో బాపు వెళ్లిపోయాడు. సముద్రం చూడలేదు.

మరుసటి సంవత్సరం మా అమ్మాయికి పురుడు. ఆమె అమెరికాలోని హవాయి దీవుల రాజధాని హోనోలులులో ఉద్యోగం చేస్తున్నది. నేనూ నా భార్యా వెళ్లాము. మనుమరాలి కోసం నా భార్య మరికొన్ని నెలలు అక్కడే ఉండిపోయింది. సెలవులు ముగిసిన నేను ఒంటరిగా తిరిగి రావలసి వచ్చింది.

“నాన్నా, వచ్చిన తొవ్వల్నే ఎందుకు పోవాలె? నువ్వు ముప్ఫై ఏండ్లు సముద్రం గురించి పాఠం చెప్పినవు. ఒక్కసారి దాని మీద ఆగుకుంట ఆగుకుంట పో” అన్నది మా అమ్మాయి. ఆమె చూపిన దారి పేరు ‘ఐలాండ్ హాపర్’. హోనోలులు నుంచి గువామ్ దీవి దాకా ఒకే విమానం మార్షల్ దీవులలోనూ, మైక్రోనీషియాలోనూ ఒక్కొక్క దీవిలో దిగుతూ, ఎక్కుతూ పోతుంది. మన ఊళ్ల మీదుగా పోయే పల్లెవెలుగు బస్సు వంటిదన్నమాట. 1968లో ఎయిర్ మైక్రోనీషియా అనే సంస్థ ఈ సర్వీసును ప్రారంభించింది. ఇప్పుడు యునైటెడ్ సంస్థ నడుపుతున్నది. ఒక కొస నుంచి మరో కొసకు చేరడానికి పగలంతా పడుతుంది. గువామ్ నుంచి మనీలా, అక్కడి నుంచి మరో విమానం మారి హైదరాబాదు.

టికెట్టు దొరికిన తేదీ 2024 అక్టోబరు 2. ఆ తేదీ విని నేను ఉలిక్కిపడ్డాను. అది భాద్రపద అమావాస్య. మా ప్రాంతంలో పెత్రమాస అంటాము. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. ఇంటి పెద్దకొడుకు చనిపోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు ఇస్తాడు. సంవత్సరీకం ముగిసిన తరువాత బాపుకు అదే మొదటి పెత్రమాస. తమ్ముడికి ఫోను చేసి నీవే ఇవ్వమన్నాను. “పెద్దోనివి నువ్వుండంగ నేనెట్ల ఇయ్యాలన్నా?” అన్నాడు వాడు. వాడి గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తేదీ మార్చుదామంటే కళాశాలలో చేరవలసిన గడువు ఎదురుగా ఉంది. చివరకు, విమానంలోనైనా సరే మధ్యాహ్నవేళ బాపును తలచుకొని ఎవరో ఒకరికి ఇంత అన్నం పెడతానని మనసులో అనుకున్నాను. అమ్మాయి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి ఇచ్చింది.

విమానం ఉదయం ఏడున్నరకు కొంచెం ముందు బయలుదేరింది. ఆ వేకువన హవాయిలో పాక్షిక సూర్యగ్రహణం కూడా ఉంది. భవనం లోపల తనిఖీ వరుసలో నిలబడిన నాకు అది కనిపించలేదు. గ్రహణపు అమావాస్యనాడు పితృకార్యం వదిలి ప్రయాణం కట్టినవాడిని చూస్తే మా తాత ఏమనేవాడో అనుకుంటూ కూర్చున్నాను.

ఆ విమానంలోని ప్రయాణికులు ఇతర విమానాలలో కనిపించేవారివలె లేరు. దాదాపు అందరికీ అందరూ తెలుసు. పైనున్న అరలలో మంచు పెట్టెలు, బియ్యం సంచులు, తీపి రొట్టెల డబ్బాలు. ఒక మెకానిక్ కూడా పనిముట్లతో, విడిభాగాలతో ప్రయాణిస్తున్నాడు. దారిలో ఏదైనా చెడిపోతే బాగుచేసే షెడ్డు వేల కిలోమీటర్ల లోపల లేదు మరి. నా పక్కన యాభై ఏళ్ల మార్షల్ దీవుల వాసి కూర్చున్నాడు. భారీ మనిషి, మెత్తని గొంతు. ఏ పని మీద వచ్చారని అడిగాను. “అమ్మను తీసుకువెళ్తున్నాను” అన్నాడు. నేను చుట్టూ చూశాను. ఆయన వేలితో కిందికి, విమానపు పొట్ట వైపు చూపించాడు.

ఆ తల్లి మూత్రపిండాల వ్యాధికి చికిత్స కోసం హవాయి వచ్చి అక్కడే కన్నుమూసిందట. 1986లో అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం మార్షల్ దీవుల వారు, మైక్రోనీషియా వారు వీసా లేకుండా అమెరికాలో నివసించవచ్చు. చదువుకు, పనికి, వైద్యానికి వేలమంది వెళ్లిపోతున్నారు. 2021 జనగణన నాటికి మార్షల్ దీవులలో మిగిలినవారు దాదాపు 42 వేలు. మా సిద్దిపేట పట్టణ జనాభాలో సగం కూడా కాదు.

“మీ దీవి ఎట్లా ఉంటుంది?” అన్నాను. ఆయన తన డబ్బాలోంచి ఒక డోనట్ తీసి నా ముందు పట్టాడు. నడుమ చిల్లు ఉన్న గుండ్రని తీపి రొట్టె అది. “ఈ చిల్లులో నీళ్లు. ఈ రొట్టె అంచు మీద మేము. బయట మళ్లీ నీళ్లు.” ఆ తరువాత రొట్టెను చాలా మేరకు కొరికి, సన్నని వంక మాత్రం మిగిల్చి, “ఇదీ సరైన కొలత” అని నవ్వాడు. భూగోళశాస్త్రంలో పగడపు వలయాకార దీవి అని చదివినదానిని నేను అంతకంటే స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

నేను చేతి గడియారం చూసుకుంటున్నాను. మధ్యాహ్నం ఎప్పుడవుతుందని నా ఆత్రుత. అది గమనించి ఆయన కారణం అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఈ రోజుకు మధ్యాహ్నం లేదు” అన్నాడు.

అప్పుడు వెలిగింది. హోనోలులుకూ మార్షల్ దీవులకూ నడుమ అంతర్జాతీయ దినరేఖ ఉంది. పడమటికి దానిని దాటినవాడు క్యాలెండర్‌లో ఒక రోజు ముందుకు పడతాడు. రెండో తేదీ ఉదయం బయలుదేరిన మేము ఐదు గంటలు ప్రయాణించి మూడో తేదీ ఉదయం దిగుతాము. రెండో తేదీ మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి నా జీవితంలో ఉండవు. చిన్నప్పుడు ఈ రేఖను గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెత్రమాసకు దీనితో సంబంధం ఉంటుందని తోచనేలేదు.

నేను కాగితమూ కలమూ తీశాను. తేదీ పోతే పోయింది, తిథి మాట ఏమిటి? తిథి గడియారానికి లోబడినది కాదు. ఆకాశంలో సూర్యచంద్రుల నడుమ పన్నెండు డిగ్రీల దూరం పెరిగితే ఒక తిథి. అది సిద్దిపేటలోనూ, పసిఫిక్ మీదా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. మా ఇంటి పంచాంగం ప్రకారం అమావాస్య ఒకటో తేదీ రాత్రి తొమ్మిదిన్నర దాటాక వచ్చి, రెండో తేదీ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి వెళ్లిపోతుంది. హోనోలులు కాలం మనకంటే పదిహేనున్నర గంటలు వెనుక. ఆ లెక్కన అక్కడ అమావాస్య ఒకటో తేదీ ఉదయం ఆరింటికే వచ్చింది. రెండో తేదీ ఉదయం తొమ్మిదికి ముందే వెళ్లిపోయింది. అంటే నేను కాగితం మీద కూడికలు, తీసివేతలు చేస్తున్న సమయానికి అమావాస్య లేదు, పాడ్యమి నడుస్తున్నది. పితృకార్యానికి చెప్పిన అపరాహ్ణం నాకు ఒకటో తేదీనే వచ్చి, నాకు తెలియకుండానే వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లు సంస్కృతాంధ్రాలు చదివినవాడిని, సిద్దిపేట పంచాంగాన్ని జేబులో పెట్టుకొని హోనోలులులో తిరిగాను.

ఒకటో తేదీ ఆ వేళకు నేనేం చేస్తున్నానో గుర్తు చేసుకున్నాను. అమ్మాయి బలవంతం మీద వైకికీ తీరానికి వెళ్లాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడ్డాను. ఒక అల వచ్చి మోకాళ్లు తడిపి వెనక్కి పోయింది. దాని అంచున నురుగు, చీర అంచులో జరీ వలె తళుక్కుమన్నది. బాపు అడిగిన మాట జ్ఞాపకం వచ్చి వంగి దోసిట నీళ్లు తీసుకొని, ఎందుకో తెలియక, అక్కడే వదిలాను. “నాన్నా, ఏం జేస్తున్నవ్?” అని అమ్మాయి అడిగితే, “ఏం లేదు, నీళ్లు వెచ్చగున్నయి” అన్నాను.

అది తర్పణం అవునో కాదో నేను చెప్పలేను. మంత్రం లేదు, నువ్వులు లేవు. సంకల్పంలో మనం ఉన్న చోటును, కాలాన్ని చెప్పుకోవాలి. మన పురోహితులు మేరువుకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో చెప్పిస్తారు. పసిఫిక్ నడుమ నిలబడినవాడు ఏ నదుల పేరు చెప్పాలి? ఈ ప్రశ్నను ఊరికి వచ్చాక ఇద్దరు పండితులను అడిగాను. వారు రెండు రకాల సమాధానాలు చెప్పారు.

పులిహోర డబ్బా ఒడిలోనే ఉంది. తిథి దాటిందని తెలిసీ మూత తీశాను. మన వ్యాఖ్యాతలు అతిథి శబ్దానికి తిథి లేనివాడు అని ఒక వ్యుత్పత్తి చెబుతారు. తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి. ఆ వరుసలో కూర్చున్న ఇద్దరం అటువంటివారమే. సగం ఆయనకు పెట్టాను. చింతపండు పులుపుకు కళ్లు చిట్లించి, మళ్లీ అడిగి తిన్నాడు. మా బాపు గురించి చెప్పమన్నాడు. చీరలు నేసేవాడని, సముద్రం చూడలేదని చెప్పాను. “మా అమ్మ సముద్రం తప్ప మరేమీ చూడలేదు, ఆసుపత్రి దాకా” అన్నాడాయన.

మాజురోలో దిగేటప్పుడు నాకు భయం వేసింది. రెండు రెక్కల కిందా నీళ్లే. నేల ఎక్కడా కనిపించదు. చక్రాలు ఇక అలలను తాకుతాయనుకున్న క్షణంలో దారి ప్రత్యక్షమైంది. ఒక పక్క మహాసముద్రం, మరో పక్క లోపలి సరస్సు, నడుమ ఒక పట్టీ. మార్షల్ దీవుల దేశమంతా ఇటువంటి 29 పగడపు వలయాలు, 5 విడి దీవులు. సముద్రమట్టానికి నేల ఎత్తు సగటున సుమారు రెండు మీటర్లు. నదులు లేవు, వాగులు లేవు. విమానాలు దిగే దారి మీద కురిసిన వానను పక్కనున్న జలాశయాలలోకి మళ్లించి, శుద్ధిచేసి పట్టణానికి తాగునీరుగా ఇస్తారు. ఇది విన్నప్పుడు ఆ ఊరి మీద నాకు బంధుత్వం కలిగింది. చుట్టూ భూమిలో దాదాపు మూడోవంతును కప్పేటన్ని నీళ్లుండి, మంచినీటికి మా వలెనే వాన కోసం ఆకాశం వైపు చూసేవాళ్లు. మాది ఎండిన చెరువు, వాళ్లది ఉప్పు సముద్రం, అంతే తేడా.

మమ్మల్ని కాసేపు దించారు. కంచెకు ఆవల ఒక ట్రక్కు, చుట్టూ నలభై యాభై మంది. ఆ పెట్టెను దించగానే స్త్రీలు పాట అందుకున్నారు. అది క్రైస్తవ కీర్తన అయి ఉంటుంది. నాతో కూర్చున్న మనిషి వెళ్లబోతూ వెనుదిరిగి వచ్చాడు. విమానంలో అడగలేకపోయిన ప్రశ్న అప్పుడు అడిగాను. ఆ నేల ఎక్కువ కాలం ఉండదంటున్నారు కదా, సమాధుల దాకా అలలు వస్తున్నాయని చదివాను, హవాయిలోనే ఖననం చేసి ఉండవచ్చు కదా అన్నాను. అడిగాక నాలుక కరచుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు. “మా దగ్గర భూమి తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ భూమి అమ్మది. అమ్మ అక్కడ ఉంటే నా పిల్లలు వస్తారు” అన్నాడు. “యాక్వే” అని చేయి కలిపి వెళ్లిపోయాడు. ఆ మాటకు నమస్కారమనీ, సెలవనీ, ప్రేమ అనీ అర్థాలున్నాయి.

విమానాశ్రయంలోని చిన్న దుకాణంలో ఒక వస్తువు చూసి ఆగిపోయాను. ఈనెలను అడ్డదిడ్డంగా పేర్చి, దారంతో ముడులు వేసి, అక్కడక్కడ చిన్న గవ్వలు కట్టారు. మొదట చూడగానే తెగిపోయిన మగ్గపు అచ్చు అనుకున్నాను. అది సముద్రపు పటం. గవ్వలు దీవులు, వంగిన ఈనెలు అలల నడకలు. దూరం నుంచి వచ్చే పెద్ద అల ఒక దీవిని తాకి ఎట్లా వంగుతుందో, రెండు దీవుల నడుమ అలలు ఎక్కడ ఒకదానినొకటి కోస్తాయో అందులో ఉంటుంది. నావికుడు దానిని పడవలోకి తీసుకుపోడు. ఒడ్డున కూర్చొని నేర్చుకొని మనసులో పెట్టుకుంటాడు. నడి సముద్రంలో పడవ ఊగే తీరును బట్టి దీవి ఎటు ఉందో తెలుసుకుంటాడు. కొద్ది కుటుంబాలవారు మాత్రమే కాపాడుకుంటూ వచ్చిన విద్య అది. 1976లో మైక్రోనీషియాలోని సతవాల్ దీవికి చెందిన మౌ పియైలుగ్ అనే నావికుడు ఏ యంత్రమూ లేకుండా, నక్షత్రాలను, అలలను చూసి ‘హోకులేఆ’ అనే జంట పడవను హవాయి నుంచి తాహితీకి చేర్చాడు. కాగితం అక్కరలేని లెక్క మా ఇంట్లోనూ ఒకరికి వచ్చేది. పది డాలర్లు అధికమనిపించినా ఆ ఈనెల పటాన్ని కొన్నాను.

తరువాతి మజిలీ క్వాజలీన్. అది అమెరికా సైన్యపు క్షిపణి పరీక్షా కేంద్రం. అనుమతి ఉన్నవారు తప్ప దిగకూడదు, కిటికీలోంచి ఫొటోలు తీయకూడదు. ఆ పక్కనే ఎబాయ్ అనే దీవి ఉంది. విస్తీర్ణం దాదాపు 80 ఎకరాలు, నివసించేవారు వేలల్లో. అక్కడి నుంచి పడవలో సైనిక కేంద్రానికి పనికి వచ్చి సాయంత్రానికి తిరిగిపోతారు. 80 ఎకరాలంటే మా వైపు ఒకప్పటి మోతుబరి రైతు కమతం. ఈ క్వాజలీన్ వలయం 1993 ఆగస్టు దాకా దినరేఖకు అమెరికా వైపు తేదీనే పాటించేది. మిగతా దేశంతో కలవడానికి ఆ నెలలో ఒక రోజును క్యాలెండర్ నుంచి తీసివేసింది. ఆ రోజు తిథి ఉన్నవారంతా ఏం చేశారో!

దానికి ఉత్తరంగా బికినీ, ఎనెవెటాక్ వలయాలున్నాయి. 1946 నుంచి 1958 దాకా ఆ రెండింటిలోనూ, వాటి పరిసరాలలోనూ అమెరికా 67 అణుపరీక్షలు జరిపింది. మనుషులను ముందుగా ఖాళీ చేయించి, కొంతకాలమే అని చెప్పింది. బికినీ వాసులు నేటికీ స్థిరంగా తిరిగి వెళ్లలేదు. ఆ పరీక్షల కాలంలోనే, 1952లో, ఎనెవెటాక్‌లో లోతుగా రంధ్రం వేసి చూశారు. పగడపు సున్నపురాయి కింద 1,200 మీటర్లకు పైగా దిగాక అగ్నిపర్వతపు రాయి తగిలింది. ఈ వలయాల కింద మునిగిన పర్వతాలున్నాయని డార్విన్ 1842లోనే ఊహించాడు. పర్వతం కుంగిపోతుంటే, దాని అంచున పెరిగిన పగడం మాత్రం వెలుతురు కోసం పైకి పైకి కట్టుకుంటూ వచ్చిందన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మైనాకుడు గుర్తుకు వచ్చాడు. పర్వతాలకు రెక్కలుండే కాలంలో ఇంద్రుడు వాటిని నరుకుతుంటే, వాయుదేవుడు మైనాకుడిని సముద్రంలో దాచాడని కథ. హనుమంతుడు నూరు యోజనాల సముద్రాన్ని దాటుతున్నప్పుడు ఆ మైనాకుడు నీళ్లలోంచి లేచి కాసేపు ఆగి పొమ్మన్నాడు. హనుమ చేతితో తాకి, సెలవు తీసుకొని సాగిపోయాడు. తరువాత సురస, సింహిక. సుందరకాండలో మొదటి ఘట్టమంతా మజిలీలు ఉన్న గగనయాత్రే కదా! ఎన్నో ఏళ్లు పాఠం చెప్పినా, సముద్రంలో ఆగడానికి చోటు దొరకడమంటే ఏమిటో నాకు తెలియలేదు. ఐదు గంటలు నీలం తప్ప మరొకటి చూడని కన్నుకు ఒక ఆకుపచ్చని గీత కనిపిస్తే కలిగే ఉపశమనాన్ని ఏ అలంకారశాస్త్రమూ నాకు నేర్పలేదు. నా సిద్ధాంతగ్రంథంలోని ఒక అధ్యాయాన్ని ఇప్పుడైతే కొట్టివేస్తాను.

అయితే మన పూర్వులందరూ నా వలె ఒడ్డు ఎరుగనివారు కారు. శాతవాహనులు ఓడ బొమ్మతో నాణేలు ముద్రించారు. మాకు పొరుగున ఉన్న ఓరుగల్లు నుంచి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకోవడం ఆనాటి ఆచారం. ఆయన దానిని మానిపించి, సుంకం మాత్రం తీసుకొని సరుకును వర్తకులకే విడిచిపెట్టమన్నాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి ద్వీపాంతరాల నుంచి సరుకులు తెప్పించిన వ్యాపారి. సముద్రాన్ని అప్రమేయమని వదిలివేయక, దాని అంచున నిలబడి లెక్కలు కట్టినవారు వీరు. బాపు ప్రశ్న వారికి వింతగా తోచి ఉండదు.

కోస్రేలో మా విమానం ఆగలేదు. వారంలో కొన్ని రోజులే ఆగుతుందట.

పోన్పే చేరేసరికి వాన. ఇక్కడ పర్వతం ఇంకా మునగలేదు. మబ్బును తలకు చుట్టుకొని పచ్చగా నిలబడి ఉంది. ఈ దీవి తీరాన నాన్ మడోల్ అనే ప్రాచీన నగర శిథిలాలున్నాయి. దుంగల్లాంటి నల్లరాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి, నిస్సారమైన నీళ్లలో దాదాపు నూరు కృత్రిమ దీవులు కట్టారు. యునెస్కో 2016లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేను చూడలేదు. ఆగినది కొద్దిసేపే. కానీ అక్కడ ఎక్కిన ఒక వృద్ధురాలిని మాత్రం మరచిపోలేను. తల చుట్టూ పూలదండ ధరించింది. పసుపు, ఎరుపు, తెలుపు పూలను వరుసలుగా, ఆకుల నడుమ బిగించి అల్లిన దండ అది. ఆ సీట్ల మధ్య నుంచి నడిచి వస్తుంటే బతుకమ్మను ఎత్తుకొని ఎవరో చెరువుకు పోతున్నట్టే ఉంది. మా ఇంట్లో ఎంగిలిపూల బతుకమ్మ ఆడి అప్పటికి ఒక రాత్రి గడిచింది. ఆమె నా వైపు చూసి నవ్వితే, నేను లేచి దారి ఇచ్చాను.

చూక్ వద్ద ఎండ వాలుతున్నది. ఇది రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాస్థావరం. 1944 ఫిబ్రవరి 17, 18 తేదీలలో అమెరికా విమానాలు ఇక్కడ నలభైకి పైగా ఓడలను ముంచివేశాయి. సరస్సు అడుగున ఆ ఓడలు నేటికీ ఉన్నాయి. వాటిని చూడడానికి దేశదేశాల నుంచి ఈతగాళ్లు వస్తారు. నీళ్లు పైనుంచి అద్దంలా ఉన్నాయి. కింద పిల్లల తండ్రులు ఎందరున్నారో, వారి తిథులు ఏ ఊళ్లో ఎవరు లెక్కించారో అనుకుంటుండగా విమానం కదిలింది.

గువామ్‌లో దిగి తమ్ముడికి ఫోను చేశాను. వాడు బియ్యం ఇచ్చాడు. “నీ పేరే చెప్పిన్న. అన్న సముద్రం మీద ఉన్నడు, ఆయన పంపిండని జెప్పి ఇచ్చిన” అన్నాడు. నా లెక్కలు, అపరాహ్ణం, వైకికీ, పులిహోర ఏమీ వాడికి చెప్పలేదు. సరే అన్నాను.

సిద్దిపేట చేరేసరికి వీధుల్లో బతుకమ్మ పాటలు సాగుతున్నాయి. అమ్మ గడపలో కూర్చొని తంగేడు పూలు తుంచుతున్నది. పెట్టె విప్పి ఈనెల పటం ఆమె చేతికిచ్చాను. ప్రయాణంలో ఒక గవ్వ ఊడి వేలాడుతున్నది.

“ఇదేందిరా? చీపిరి కట్టనా?”

“సముద్రమమ్మా.”

ఆమె దానిని వెలుతురుకు పట్టి ముందుకూ వెనకకూ తిప్పి చూసింది. నలభై ఏళ్లు కండెలు చుట్టిన చేతులు అవి. ముడులను ఒక్కొక్కటే గోటితో నొక్కింది.

“ముడులు మంచిగనే ఏసిండ్రు. ఈ ఒక్కటే వదులైంది. మీ బాపు జూస్తే ఊకోకపోవు” అని లేచి, మూలనున్న డబ్బాలోంచి ఎర్ర దారం తీసింది. నాలుకతో తడిపి, గవ్వను ఈనెకు ఆనించి, మూడు చుట్లు చుట్టి ముడి బిగించింది. కొసను పంటితో తెంచి అడిగింది.

“ఇది ఏ ఊరు?”

“మాజురో” అన్నాను.

“ఆ ఊర్ల మనోళ్లెవలన్న ఉన్నరా?”

ఉన్నారని చెప్పాను.